ఒకే గంట, ఒకే చుక్క

బుడగల గది దినచర్య, ఏడో తెప్ప
రాస్తున్నది: దయామణి

నమోదు 41

ఈ రోజు బుడగల పాలు బాగా కుదిరాయి. పై అంతస్తు తొట్లలో గలిజేరు లేతగా ఉంది. ఆకు కోసి, రుబ్బి, వడకట్టి, ఆ రసాన్ని సోయా కొవ్వుతో కలిపి మోత యంత్రంలో పెట్టాను. అది కీచుమంటున్నంతసేపూ చెవుల్లో దూది పెట్టుకుని పుస్తకం చదువుకున్నాను. మూత తీసేసరికి రసం పల్చటి పాలలా మారింది. ఆ పాలలో ఒక్కో బుడగ సూదిమొనకంటే వేల రెట్లు చిన్నది. దాని కడుపులో ఆకు మందు ఉంటుంది. నాలుక కింద చుక్క వేస్తే బుడగలు నెత్తుటిలో ఈదుకుంటూ వెళ్లి మూత్రపిండాల గోడలకు అతుక్కుంటాయి. ఒక గంటసేపు కాపలా కాస్తాయి. తర్వాత కరిగిపోతాయి.

మేము తినేది నాచు, రొయ్యపొట్టు కలిపి అచ్చు పోసిన ముద్ద. ఒడ్డు మునిగి, తెప్పల మీదకు వచ్చాక మాకు మిగిలిన తిండి అదే. ఆకలి తీరుస్తుంది, మూత్రపిండాలను కొరుకుతుంది. చుక్క వేసుకుని తింటే కొరకదు.

మధ్యాహ్నం గంట కొట్టారు. భోజనశాల గోడ మీద డైరెక్టర్ వేణుధర్ గారు రాయించిన మాట ఉంది: ‘ఒకే గంట, ఒకే చుక్క. ఆడామగా తేడా లేదు.’ ఆ మాటంటే ఆయనకు గర్వం. మిగతా తెప్పల మీద మగవాళ్లకు ముందు వేస్తారట. నేను డ్రాపర్ పట్టుకుని వరస వెంట నడిచాను. ముఖాలు చూడను, నోళ్లే చూస్తాను. అలాగైతే మాట్లాడే పని ఉండదు.

చివరికి వంటింటి గుమ్మం. వంటవాళ్లు ముగ్గురూ గరిటెలు దించకుండానే వచ్చి నోళ్లు తెరిచారు. పెద్దవంటామె పోలమ్మ, కుర్రది నూకరత్నం, అందరికంటే వయసులో పెద్దదైన చిట్టెమ్మ.

“ఇంకో సుక్క ఎయ్యే గుంటా. బిందెడు పాలు పెట్టుకుని పిసినారి ఏసాలు” అంది పోలమ్మ.

“ఒక్కటి చాలు అత్తా.”

“సాలితే నా కాగితం వంకాయలాగెందుకే ఉంటంది?”

పొద్దున్నే అందరూ మూత్రంలో ముంచి ఇచ్చే కాగితం తెల్లగా ఉంటే మూత్రపిండాలు బాగున్నట్టు. ఊదారంగు తిరిగితే పాడవుతున్నట్టు. తెప్ప మొత్తం మీద కాగితాలు తెల్లగా ఉన్నాయి. వంటింటి కాగితాలు మాత్రం ఊదా.

నమోదు 43

డైరెక్టర్ గారు వంటింటి తలుపుకు నోటీసు అంటించారు. ‘సిబ్బంది వేళకాని వేళ రుచి చూడటం, ఉప్పు నాకటం, తిండి దాచుకోవటం మానాలి.’ నాకారా, దాచారా అని వాళ్లనెవరూ అడగలేదు. ఇంతమందిలో ముగ్గురికే చుక్క పనిచేయలేదంటే తప్పు చుక్కది కాదు, ఆ ముగ్గురిదే అని తేల్చేశారు.

తర్వాత ఇద్దరు కాపలావాళ్లు వచ్చి వాళ్ల పెట్టెలు వెతికారు. ఆడవాళ్ల సామాన్లు కాబట్టి నన్ను పక్కన నిలబెట్టారు. నూకరత్నం పెట్టెలో దువ్వెన, అరిగిన సబ్బుముక్క. చిట్టెమ్మ పెట్టెలో ఒక చీర. పోలమ్మ పెట్టెలో పాత పచ్చడి జాడీ దొరికింది. ఖాళీది. అయినా మూత తీసి ఇద్దరూ వాసన చూశారు.

“బాగా సూడండి బాబూ. అడుగున తిమింగలం దాసినాను” అంది పోలమ్మ.

ఏమీ దొరకలేదు. తప్పయిందని ఎవరూ అనలేదు. చీరను మడత విప్పినవాళ్లు మడత పెట్టకుండానే పోయారు. చిన్నప్పుడు హాస్టల్లో సిస్టర్లు మా పెట్టెలు వెతికేటప్పుడు నాకు చెవులు కాలిపోయేవి. ఇవాళా అలాగే కాలాయి. చిట్టెమ్మ ఒక్కతే కింద కూర్చుని చీర మడుస్తుంటే, రెండో అంచు పట్టుకున్నాను. అంతకు మించి నాకేమీ చేతకాలేదు.

నమోదు 44

వడపోత ఓడ అమావాస్యకు వస్తుందని కబురు. మూత్రపిండాలు చెడినవాళ్లను అందులోకి ఎక్కించి, యంత్రానికి తగిలించి నెత్తురు కడుగుతారు. బతికినంతకాలం కడుగుతూనే ఉండాలి కాబట్టి, ఎక్కినవాళ్లు దిగరు. దిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

పోలమ్మ పేరు, చిట్టెమ్మ పేరు రాశారు. నూకరత్నం ఇంకా కుర్రది, ఆగవచ్చన్నారు.

“నానెల్లిపోతే మా ముసిలోడికి ముద్ద ఎవులు తీత్తారో” అంది పోలమ్మ. ముసిలోడంటే ఆమె మొగుడు ఎల్లాజీ, వలల జట్టుకు పెద్ద. ఆమె దిగులు పడింది తన గురించి కాదు. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

నమోదు 49

నాలుగు రోజుల పేజీలు ఖాళీ, రాయడానికి తీరిక లేకపోయింది. నూకరత్నం కాలి మీద ఆవిరి కొట్టి బొబ్బలెక్కింది. వంటింటికి ఒక మనిషి తక్కువైంది. పోలమ్మ బుడగల గది తలుపు దగ్గరికి వచ్చి, “పాపా, వొడ్డనకి ఓ సెయ్యి సాయం సేత్తావేటి?” అని అడిగింది. వరసలో ముందు కూర్చుని, పుస్తకం పళ్లెం పక్కన పెట్టుకుని తినే అలవాటు నాది. పుస్తకం మూసి వెళ్లాను.

గంట కొట్టగానే అందరికీ చుక్క వేశాను. నేనూ వేసుకున్నాను. ముద్ద పళ్లాలు ఎత్తుకున్నాను.

ముందు వలల జట్టు. తర్వాత పిల్లలు. తర్వాత యంత్రాల దగ్గరినుంచి వచ్చేవాళ్లు. ఈలోగా వలల జట్టుకు మళ్లీ ఆకలి.

“చారు నీళ్లలాగుందే” అంటాడు ఎల్లాజీ.

“నీళ్లలో బతుకుతన్నావు, నీళ్లు తాగడానికేటి?” అంటుంది పోలమ్మ. అంటూనే గరిటెడు పోస్తుంది.

అందరూ లేచాక ఎంగిలి పళ్లాలు, గరిటెలు తోమాలి. రాత్రికి నాచు నానబెట్టాలి. అప్పుడు పోలమ్మ కూర్చుంటుంది. ఆమెతోపాటు నేను. చిట్టెమ్మ అప్పటికీ కూర్చోదు. మేము తిన్నది చాలిందో లేదో చూసుకుని, అండా అడుగు గీరి, నిలబడే నోట్లో వేసుకుంటుంది.

“వరసలో అందరితోపాటు ఎందుకు తినరు?” అని రెండో రోజు అడిగాను.

పోలమ్మ నన్ను వింతగా చూసింది. “అందరూ తిన్నాక మిగిలితే కదే మనకి. ముందు మనం కూకుంటే ఎవులొడ్డిత్తారు?”

ఈ పొద్దున నా కాగితం ఊదారంగు తిరిగింది.

నేను ఉప్పు నాకలేదు. ఏమీ దాచుకోలేదు. అందరూ తిన్న ముద్దే తిన్నాను, అందరితోపాటే చుక్క వేసుకున్నాను. మారింది ఒక్కటే, తినే వేళ. వంటింటి కాగితాలు పక్కన పెట్టి చూశాను. నాది లేత ఊదా. పోలమ్మది ముదురు. చిట్టెమ్మది అంతకన్నా ముదురు, దాదాపు నలుపు.

బుడగలు కాపలా ముగించి కరిగిపోయాక మేము పళ్లెం ముందు కూర్చుంటున్నాం. ఎవరు ఎంత వెనక తింటే వాళ్లకు అంత దెబ్బ.

నమోదు 50

డైరెక్టర్ గారి గదికి వెళ్లాను. చెప్పవలసినది దారిలో మూడుసార్లు అనుకున్నాను. తలుపు దగ్గర మళ్లీ మరిచిపోయాను. చివరికి నాది, వంటవాళ్లవి కలిపి నాలుగు కాగితాలూ బల్ల మీద పరిచి, వరసగా చూపించాను.

ఆయన తెలివైనవారు. వెంటనే అర్థమైంది. “అయ్యో” అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “మనం ఒకే గంట పెట్టాం. ఒకే వేళకు తింటున్నారో లేదో చూడలేదు.”

“వాళ్లు తినేటప్పుడు ఇంకో సీసా తీసుకెళ్లనా సార్?”

“ఆకు సరిపోదు కదా. పూటకు ఒక్క సీసాకే ఉంది. అందులోంచే కాస్త మిగిల్చి ఇచ్చి చూడండి.”

నోటీసు తీయించమని అడగాలనుకున్నాను. ఆయనకే తడుతుందనుకుని ఊరుకున్నాను. తట్టలేదు. నోటీసు ఇంకా అక్కడే ఉంది.

నమోదు 52

మిగిల్చి ఇవ్వడం కుదరలేదు. మూత తీసిన సీసా భోజనశాల వేడికి ఎక్కువసేపు ఆగదు, వేరే సీసాలోకి వంచినా అంతే. వంటవాళ్లు కూర్చునేసరికి పాలు విరిగి, పైన జిడ్డు తేలింది. అందులో బుడగలు లేవు, ఒట్టి కషాయం. అయినా చిట్టెమ్మ నోరు తెరిచింది. ఆ జిడ్డు ఆమె నాలుక కింద వేయడానికి నాకు చెయ్యి రాలేదు.

“పర్నేదులే అమ్మా” అంది చిట్టెమ్మ. ఆమె నాతో ఇంతవరకు మాట్లాడిన మాట అదొక్కటే.

ఏం పర్వాలేదు? ఎవరికి పర్వాలేదు?

నమోదు 53

డైరెక్టర్ గారు పిలిపించారు. ముఖం వెలిగిపోతోంది. బల్ల మీద ఒక బొమ్మ గీసి ఉంది. గుండ్రంగా, దళసరి అంచుతో.

“మీరు చెప్పింది రాత్రంతా ఆలోచించాను, దయామణీ. సమస్య బుడగది. దాని తొడుగు మందంగా చేద్దాం. నెత్తుట్లోకి వెళ్లాక మూడు గంటలు ఊరుకుని, అప్పుడు పనిలోకి దిగుతుంది. వాళ్లు తినే వేళకు సరిగ్గా. చేతి మెళకువ మీది, మీరే చేయాలి.”

“ఎన్నాళ్లు పడుతుంది సార్?”

“రెండేళ్లలో తేల్చవచ్చు.”

“ఓడ అమావాస్యకు వస్తుంది.”

“అవును. అది బాధాకరం.”

నా గొంతు నాకే వినిపించనంత చిన్నగా అడిగాను. “వాళ్లను ముందు కూర్చోమంటే సరిపోదా సార్?”

ఆయన నవ్వారు. మంచి నవ్వే. చిన్నపిల్ల ప్రశ్న అడిగితే పెద్దవాళ్లు నవ్వే నవ్వు. “మనుషుల అలవాట్లలో మనం వేలు పెట్టకూడదమ్మా. మన పని శాస్త్రం.”

గదికి తిరిగి వచ్చి తలుపు వేసుకున్నాను. పుస్తకం తెరిచాను గానీ ఒక్క అక్షరం కనిపించలేదు. పెట్టెల్లో వేళ్లు పెట్టొచ్చు. చీర మడతల్లో పెట్టొచ్చు. ఖాళీ జాడీలో ముక్కు పెట్టొచ్చు. అలవాట్లలో మాత్రం వేలు పెట్టకూడదు. కంటికి కనిపించని బుడగకు మూడు గంటలు ఓపిక పట్టడం నేర్పిస్తారట. ఒక మనిషికి తన ముద్ద తను తీసుకోవడం మాత్రం నేర్పరట. అది కుదరని పనట. దానికన్నా రెండేళ్ల పరిశోధన తేలికట. ఆ రెండేళ్లూ వంటింటివాళ్లు వెనకే తినాలట.

ఆ దళసరి బుడగను నేను చేయను. ఇక్కడ రాస్తున్నాను, ఎవరైనా చదవొచ్చు. చేతకాక కాదు. చేయను.

నమోదు 54

మధ్యాహ్నం గంట కొట్టారు. సీసాతో భోజనశాలకు వెళ్లాను. మూత తీయలేదు. వరస మొదట్లో నిలబడి, “కూర్చున్నవాళ్లకే చుక్క” అన్నాను.

ఎవరికీ వినిపించలేదు. ఇంకోసారి అన్నాను. ఈసారి అరిచినట్టున్నాను, పిల్లలు కూడా ఆగిపోయారు.

“ఓలమ్మా, బుడగల గుంటకి నోరుందిరో!” అన్నారెవరో వలల జట్టులో. నవ్వులు.

“అందరం కూకునే ఉన్నాం కదా పాపా. ఎయ్యి” అన్నాడు ఎల్లాజీ.

“వంటవాళ్లు కూర్చోలేదు మావా. వాళ్లు పళ్లాలు పెట్టుకుని కూర్చున్నాక మూత తీస్తాను.”

“ఆళ్లు కూకుంటే ఒడ్డనెవులు?”

“అండాలు మధ్యలో పెడదాం. ఎవరిది వాళ్లే తీసుకోవచ్చు.”

“గరిట పట్టడం నాకేటి తెలుసు?”

“అడివిలాంటి సముద్రంలో వల ఇసురుతావు, అరచెయ్యంత గరిట బరువైపోనాదా?” అంది గుమ్మంలోంచి పోలమ్మ. అందరూ నవ్వారు. కానీ ఆమె వెంటనే నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “ఏటే ఇది? నా పరువు తీత్తన్నావు. మొగోళ్లు ఆకలితో సూత్తంటే నాకు ముద్ద దిగుద్దేటి? ఎయ్యి, బేగి ఎయ్యి.”

“వేయను అత్తా.”

“సెప్పినమాట ఇనవా?”

సీసా జారిపోతుందని రెండు చేతులతో పట్టుకున్నాను. “అమావాస్యకు మీరు ఓడ ఎక్కితే, మర్నాటి నుంచి వీళ్లే కదా వడ్డించుకోవాలి. ఆ పని ఇవాళ చేస్తే మీరు ఎక్కనక్కరలేదు. మీరు ఉప్పు నాకలేదు. ఏమీ దాచుకోలేదు. చుక్క వేసుకున్నాక గంటలోపు తినాలి. మీరు అందరూ తిన్నాక తింటున్నారు. మీ మూత్రపిండాలు పోయింది అందుకే. ఇంకేం లేదు.”

అంత పొడుగు మాట నేను నలుగురిలో ఎప్పుడూ మాట్లాడలేదు. నవ్వులు ఆగిపోయాయి.

ఎల్లాజీ పెళ్లాం వంక చూశాడు. “ఇందుకేనేటి?” అన్నాడు. “ఒట్టి ఇందుకేనా?”

పోలమ్మ చేతిలోని గరిట పక్కన పెట్టింది.

ఆయన లేచాడు. వంటింట్లోకి వెళ్లి ముద్దల అండా, చారు అండా ఈడ్చుకొచ్చాడు. సగం చారు నేల మీద ఒలికింది. మసిగుడ్డ ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు, తలపాగా తీసి తుడిచాడు. వరస మధ్యలో జాగా చేసి, “కూకో” అన్నాడు. “సిట్టెమ్మప్పా, నువ్వు కూడా. కూకోండే, కడుపు మాడిపోతంది మాకు!”

అప్పుడు డైరెక్టర్ గారు వచ్చారు. ఏం జరుగుతోందని అడిగారు. ఎవరి అనుమతితో ఆపారని అడిగారు. మెల్లగానే అడిగారు. ఆయనకు జవాబు చెప్పడానికి నాకు తీరిక లేదు. కుంటుతూ వచ్చిన నూకరత్నంతో సహా వంటవాళ్లు ముగ్గురూ కూర్చున్నారు. మూత తీశాను. చిట్టెమ్మతో మొదలుపెట్టాను.

పోలమ్మ ముద్ద విరిచి నోట్లో పెట్టుకుని, వెంటనే చేత్తో నోటికి విసురుకుంది.

“ఓలమ్మో, కాల్తందే! ఇంత ఏడిగా తింతారేటి మీరందరూ?”

భోజనశాలంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఈ తెప్ప మీద ముద్ద వండటం మొదలుపెట్టింది ఆమే.

నమోదు 56

నా మీద చర్య తీసుకుంటామని కాగితం వచ్చింది. బుడగల పాలు చేసే మనిషి ఇంకొకరు దొరికేదాకా పని చేస్తూ ఉండమని అందులోనే ఉంది. నేర్చుకుంటానని నూకరత్నం ముందుకొచ్చింది. ఆమెకు ఆకు రుబ్బడం నాకన్నా బాగా వచ్చు. అదీ కాక, కూర్చున్నవాళ్లకే చుక్క అని ఆమె నాకన్నా గట్టిగా అరవగలదు. ఈ సంగతి డైరెక్టర్ గారికి ఇంకా తెలియదు.

వలల జట్టులో ఇద్దరు అలిగి, పళ్లాలు తీసుకెళ్లి బయట తింటున్నారు. మిగతావాళ్లు వడ్డించుకుంటున్నారు. నేలంతా చారే.

నోటీసు నేనే చింపేశాను.

నమోదు 63

అమావాస్య. ఓడ వచ్చింది.

ఓడ డాక్టరు పొద్దున్నే కాగితాలు తీసుకున్నాడు. నాది తెల్లబడింది. నూకరత్నంది తెలుపుకు తిరుగుతోంది. పోలమ్మది ఊదాగానే ఉంది గానీ, ముదరలేదు. పోయింది తిరిగి రాదట. ఉన్నది నిలుస్తుందట. “ఇప్పుడే ఎక్కక్కరలేదు. ఏం మందు వాడారు?” అని ఆయన అడిగాడు.

“మందేటి నేదు బాబూ. కూకుని తింతన్నాను” అంది పోలమ్మ.

చిట్టెమ్మ కాగితం నల్లగా ఉంది. ఈ కొద్దిరోజులు ఆమెకు చాలలేదు. ఏ రెండు నెలల ముందో ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలేది. పెట్టెలు వెతికే ముందు. నోటీసు అంటించే ముందు. మీరు ఎప్పుడు తింటారు అని. ఆ ఒక్క ప్రశ్నకు ఏ యంత్రమూ అక్కరలేదు.

డైరెక్టర్ గారు రేవులోకి వచ్చి చిట్టెమ్మకు నమస్కారం పెట్టారు. ఆమె సేవలు మరువలేనివన్నారు. ఆమె కంగారుపడి, చేతిలో ఉన్న మూట కింద పెట్టి, తిరిగి నమస్కారం పెట్టింది.

నేను మూట అందుకుని నిచ్చెన దాకా వెళ్లాను. మొదటి మెట్టు మీద ఆమె ఆగింది. తల పైకెత్తి ఓడను చూసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది.

“అమ్మా, ఆ ఓడలో వంట ఎవులు సేత్తారు? ఆడోలు ముందు కూకుంతారా, ఎనకా?”

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను. మూట ఆమె చేతికిచ్చి, ఆగమని, ఆమెను దాటుకుని నిచ్చెన ఎక్కాను. పైన తెల్లకోటు వేసుకుని పేర్లు పిలుస్తున్న ఆయన దగ్గరికి వెళ్లి అడిగాను.

“ఏమిటి?” అన్నాడాయన, సరిగ్గా వినకుండా.

ఇంకోసారి అడిగాను. ఈసారి ఓడలో అందరికీ వినిపించేలా అడిగాను. ఆయన జవాబు చెప్పేదాకా దారికి అడ్డంగా నిలబడ్డాను.